ఎలా ఉన్నారు అని అడగని సిస్టర్ గారు

మా ఎముకల వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ గారు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. మంగళగిరిలో ఎక్కిన బస్సు వారధి మీదకి వచ్చేసరికి ఫోన్ మోగింది. చేసింది మా వార్డు ఆయమ్మ. ఎప్పుడూ వార్డు ఆ చివరికి వినిపించేలా మాట్లాడే మనిషి, ఆ పూట గొంతు బాగా తగ్గించి, "అమ్మాయ్, మన సిస్టరు గారు తెల్లారేసరికి పోయారంట. మీ కాలేజీ ట్యూటరమ్మకి నేను చెబుతాలే. నువ్వు తిన్నగా గుణదల వెళ్లు" అంది. కిటికీలోంచి చూస్తే కింద కృష్ణ వాననీళ్లతో మట్టిరంగులో నిండుగా పోతోంది. నేను "సరే" అన్నాను. పక్క సీట్లో కూర్చున్నావిడ నా మొహం చూసి, తన సంచి ఒళ్లోకి తీసుకుని నాకు కొంచెం చోటిచ్చింది.

బెంజ్ సర్కిల్లో దిగి ఆటో ఎక్కాను. గుణదలలో కొండకి దగ్గరగా ఉన్న ఒక సందులో సిస్టర్ గారి ఇల్లు. ఆవిడా, స్కూలు టీచరుగా పనిచేసిన ఆవిడ చెల్లెలూ, ఇద్దరే ఉండేవారు. నేను వెళ్లేసరికి వాకిట్లో షామియానా కడుతున్నారు. చర్చి నుంచి వచ్చినవాళ్లు కుర్చీలు వేస్తున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే మాట అన్నారు. "అదృష్టవంతురాలండీ. నొప్పీ బాధా లేకుండా నిద్రలోనే వెళ్లిపోయింది." ఆ మాట వినిపించినప్పుడల్లా చెల్లెలు గారు నా వైపు చూశారు. ఆ నిద్ర దానంతట అది రాలేదని మా ఇద్దరికీ తెలుసు.

రెండు వారాల కిందట సిస్టర్ గారు మా ఆసుపత్రిలోనే పడుకుని ఉన్నారు. విపరీతమైన నొప్పితో ఉన్నారు. అడిగినవాళ్లందరికీ ఏమీ లేదనే చెప్పారు. నొప్పి ఉందని తెలిస్తేనే డాక్టర్లు మందు మార్చగలరు. ముప్ఫై ఏళ్లకు పైగా ఎవరెవరి చేతనో 'ఇదుగో ఇక్కడ' అని చెప్పించిన మనిషి చేత, ఆ ఒక్క మాట మేం చెప్పించగలమా లేదా? ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ముందు ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియాలి.

నేను నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు మొదటిసారి ఆవిడ వార్డుకి వెళ్లాను. క్లాసులో నేర్పినట్టే, మొదటి మంచం దగ్గర నిటారుగా నిలబడి, నవ్వు మొహంతో, "ఎలా ఉన్నారండీ?" అని అడిగాను. తుంటి విరిగి పడుకున్న పెద్దాయన "బాగున్నానమ్మా" అన్నాడు. నేను రెండో మంచం వైపు కదలబోతుంటే వెనకనుంచి మాట వినిపించింది.

"ఏమ్మాయ్, ఆయన బాగుంటే ఇక్కడెందుకున్నాడు?"

తెల్లచీర, వెడల్పు మొహం, కళ్లజోడు ముక్కు మీదకి జారి ఉంది. చేతిలో నీలం ప్లాస్టిక్ స్టూలు. పెద్దాయన గట్టిగా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి.

"ఎలా ఉన్నారు అనేది పలకరింపమ్మా. పెళ్లిలో అడుగుతాం, బస్టాండులో అడుగుతాం. ఎవరైనా బాగున్నామనే అంటారు. మన వైపు వాళ్లు మరీనూ. తెల్లకోటు కనపడితే చాలు, ప్రాణం మీదకొచ్చినా 'మీ దయవల్ల బానే ఉందండీ' అంటారు. అది వాళ్ల మర్యాద. దాన్ని మనం రిపోర్టు అనుకుంటే ఎట్లా?"

"మరి ఏమని అడగాలి మేడం?"

"సిస్టర్ అను. మేడం అంటే నా వెనక ఎవరో ఆఫీసరు నిలబడ్డాడేమోనని తిరిగి చూసుకుంటా. ఏమడగాలంటావా? ముందు కూర్చో." స్టూలు నా కాళ్ల దగ్గర పెట్టారు. "నిలబడి అడిగితే, ఈ పిల్ల వెళ్లిపోయే తొందరలో ఉంది అని వాళ్లకి తెలిసిపోద్ది. కూర్చుంటే నీకే తోస్తుంది ఏమడగాలో."

నేను కూర్చున్నాను. ఏమీ తోచలేదు. చివరికి, "రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నారండీ?" అన్నాను. పెద్దాయన "తిరగడమెక్కడిదమ్మా, మూడు రోజులైంది, ఈ నడుం మంట పుడుతోంది" అన్నాడు. ఇద్దరం కలిసి ఆయన్ని మెల్లగా ఒరిగించి చూస్తే నడుం కింద చర్మం కంది ఎర్రగా ఉంది. ఇంకో రెండు రోజులు ఆగితే పుండయ్యేది. సిస్టర్ గారు నన్ను మెచ్చుకోలేదు. "చూశావా, బాగున్నాడంట" అన్నారంతే.

ఆవిడ వార్డులో పేర్లతో పిలవాలి. ఒకసారి మాలో ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "సిస్టర్, ఆరో బెడ్డుకి జ్వరం వచ్చింది" అంది. ఆవిడ తలెత్తకుండానే, "బెడ్డుకి జ్వరమొస్తే వెల్డింగ్ ఆయన్ని పిలవండమ్మా, నేనేం చేస్తాను?" అన్నారు. ఆ తర్వాత మేం ఎవరం మంచం నంబరుతో మనిషిని పిలవలేదు. పిలవబోయి నాలిక్కరుచుకున్నవాళ్లం మాత్రం చాలామందిమి.

రోజూ పొద్దున పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వస్తారు. ఆయన వెనక చిన్న డాక్టర్లు, మేము, మా ట్యూటరు. మాటలన్నీ ఇంగ్లీషులో, మంచం మీదుగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మాట్లాడుకున్నట్టు సాగుతాయి. కింద పడుకున్న మనిషి ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం చూస్తుంటాడు. అందరూ తలలూపి వెళ్లిపోతారు. ఆ గుంపు గుమ్మం దాటగానే సిస్టర్ గారు స్టూలు తీసుకుని మళ్లీ మొదటి మంచం దగ్గరనుంచి మొదలుపెట్టేవారు. డాక్టరు గారు ఏమన్నారో మామూలు మాటల్లో చెప్పేవారు. చెప్పి ఊరుకోరు. "ఇప్పుడు నేను చెప్పింది, సాయంత్రం మీ కోడలొస్తే ఏమని చెబుతారో, నాకు చెప్పండి" అనేవారు. చెప్పలేకపోతే, "తప్పు మీది కాదు, నేను సరిగ్గా చెప్పలేదు" అని మొదటినుంచి చెప్పేవారు. మేం దాన్ని రెండో రౌండ్స్ అనేవాళ్లం. మొదట్లో విసుక్కునేవాళ్లం కూడా. టీ తాగే వేళ దానికే సరిపోయేది మరి.

ఇప్పుడు నా తప్పు సంగతి.

పోయినేడు వరికోతల రోజుల్లో దివిసీమ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. కాలవగట్టు మీద బండి జారి మోకాలి కింద ఎముక విరిగింది. పిండికట్టు వేశారు. అలాంటి కట్టు వేసిన మనిషి కాలివేళ్లు గంటగంటకీ తాకి చూడాలి. వెచ్చగా ఉన్నాయా, కదులుతున్నాయా, తాకితే తెలుస్తోందా అని చూసి రాయాలి. కట్టు లోపల వాపు పెరిగి రక్తం ఆడకపోతే కాలు పోయే ప్రమాదం ఉంది. ఇదంతా నాకు పుస్తకంలో పేజీతో సహా తెలుసు. పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయి.

ఆ రోజు తొమ్మిదింటికి మాకు క్లాసు టెస్టు ఉంది. ఏడున్నరకి ఆయన మంచం దగ్గరకెళ్లి, నిలబడే, "బాబాయ్ గారూ, కాలు బానే ఉందా?" అన్నాను. "బానే ఉందమ్మా" అన్నాడాయన నవ్వుతూ. నేను ఆయన చార్టులో గడులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను. వేళ్లు వెచ్చగా ఉన్నాయని రాశాను. కదులుతున్నాయని రాశాను. దుప్పటి ఎత్తి చూడలేదు. ఎనిమిదిన్నరకి కూడా అంతే రాశాను. వార్డులో అందరికంటే నా చార్టు శుభ్రంగా ఉంటుందని మా ట్యూటరు అప్పటికి రెండుసార్లు మెచ్చుకున్నారు.

పదిన్నరకి, నేను టెస్టు రాసి వచ్చేసరికి, సిస్టర్ గారి రెండో రౌండ్స్ ఆయన దగ్గరకొచ్చింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని కాలి సంగతి ఎత్తలేదు. పక్కనే ఉన్న ఆయన భార్యతో, "ఏమ్మా, బాబాయ్ గారు పొద్దున కాఫీ తాగారా?" అన్నారు.

"ఎక్కడండీ, నిన్న సాయంత్రం నుంచి కాఫీ ముట్టలేదు. ఇంటి దగ్గరైతే రెండోసారి ఇవ్వలేదని ఊరంతా వినపడేలా అరుస్తాడు."

"ఊరుకోవే. ఆకలి లేదంతే" అన్నాడాయన.

"ఊరుకోమంటే ఊరుకుంటా. తెల్లారుజాము నుంచి ఆ మంచం పట్టీ పట్టుకుని వదలడంలేదండీ, చూడండి."

సిస్టర్ గారు దుప్పటి ఎత్తారు. ఆయన్ని కళ్లు మూసుకోమని, "ఏ వేలు పట్టుకున్నానో చెప్పండి" అన్నారు. ఆయన "పట్టుకున్నారా?" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆవిడ అప్పటికే బొటనవేలు గట్టిగా నొక్కుతున్నారు. పిల్లలాట ఆడుతున్నట్టున్న ఆవిడ గొంతు మారలేదు. నా వైపు తిరిగి, "డాక్టరు గారిని పిలువు. పరుగెత్తు" అన్నారు. నేను పరుగెత్తాను. డాక్టరు గారు వచ్చి కట్టు నిలువునా చీల్చారు. ఆ రోజే ఆపరేషన్ థియేటరుకి కూడా తీసుకెళ్లారు. సాయంత్రానికి ఆ వేళ్లకి రంగు వచ్చింది. మర్నాటికి స్పర్శ వచ్చింది. కాలు దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమని చిన్న డాక్టరు అంటుంటే నేను గోడకి ఆనుకుని విన్నాను.

సిస్టర్ గారు నన్ను ఒక్క మాట తిట్టలేదు. మర్నాడు పొద్దున నా చార్టు చేతికిచ్చి, "దీన్ని పట్టుకుని ఆయన దగ్గరకెళ్లి, ఏం జరిగిందో నువ్వే చెప్పు" అన్నారు.

"మీరు రండి సిస్టర్."

"వస్తాను. పక్కన నిలబడతాను. చెప్పేది మాత్రం నువ్వే."

చెప్పాను. వేళ్లు చూడకుండానే చూసినట్టు రాశానని, రెండుసార్లు రాశానని చెప్పాను. ఆయన నా మొహం వంక చూసి, "పర్లేదులేమ్మా. నాదీ తప్పే. బాధగానే ఉంది, కానీ నువ్వు చదువుకునే పిల్లవి, పొద్దున్నే నవ్వుతూ వచ్చావు. బాలేదంటే నిన్నెవరైనా తిడతారేమోనని" అన్నాడు.

నన్ను కాపాడ్డానికి ఆ మనిషి తన కాలు పోగొట్టుకోబోయాడు.

ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. "చూడకుండానే రాసేశావా తల్లీ? మేం చేలోకి దిగకుండా గట్టు మీదనుంచే పంట బాగుందని చెప్పామా, పురుగు పట్టి పోద్ది. చదువుకున్నదానివి, ఇదేం పని?" అంది. ఆయన మళ్లీ "పర్లేదే" అనబోయాడు.

"పర్లేదు అనకండి బాబాయ్ గారూ" అన్నారు సిస్టర్ గారు. "మీరు పర్లేదంటే ఈ పిల్లకి నేర్పేదెవరు? అమ్మగారు అన్నదే మాకు కావాలి. ఇంకో రెండు అనండమ్మా."

ఆవిడ ఇంకో రెండు అంది. తర్వాత ఒక బత్తాయి వలిచి నా చేతిలో పెట్టింది.

ఆ వారంలోనే సిస్టర్ గారు నాచేత ఇంకో పని చేయించారు. ఖాళీగా ఉన్న మంచం మీద నన్ను పడుకోబెట్టి, కాలు కదలకుండా దిండ్లు పెట్టి, "పన్నెండయ్యేదాకా నువ్వు పేషెంటువి. లేవడానికి లేదు" అన్నారు. మొదటి పావుగంట నాకు నవ్వొచ్చింది. తర్వాత ట్యూబులైటు సరిగ్గా కంట్లో పడుతోందని తెలిసింది. నీళ్ల సీసా బల్ల మీద, చెయ్యి చాచితే జానెడు దూరంలో ఉంది. మందుల బండి చక్రం కీచుమంటూ వచ్చి పక్కనుంచి వెళ్లింది. నా స్నేహితురాళ్లు ఇద్దరు నా మంచానికి ఆ పక్కొకరు ఈ పక్కొకరు నిలబడి, నా పొట్ట మీదుగా సినిమా సంగతులు మాట్లాడుకున్నారు. నన్ను ఎగతాళి చెయ్యడానికి కాదు. అలవాటుగా. నేను అదే వార్డులో రోజూ తిరిగాను. ఆ పైకప్పుని ఎప్పుడూ చూడలేదు.

లేచాక ఆవిడ, "ఏం చూశావో రాసివ్వు. పెద్ద పెద్ద మాటలొద్దు" అన్నారు. మాటలంటే నాకు అప్పుడప్పుడే ఇష్టం మొదలైంది. కొత్త మాట కనపడితే నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. 'నిస్సహాయత' అన్న మాటతో మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసిచ్చాను. ఆవిడ చదివి, ఆ మాట కొట్టేసి, పైన 'నీళ్లు అందలేదు' అని రాసి తిరిగి ఇచ్చారు. నాకు కోపమొచ్చింది. ఆ మధ్యాహ్నమే వార్డులో బల్లలన్నీ మనుషుల దెబ్బ తగలని చెయ్యి వైపుకి మారాయి. మందుల బండి చక్రాలకి ఆయమ్మ కొబ్బరినూనె రాసింది. అప్పుడు నా కోపం పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేవాళ్ల చేత ఆఫీసువాళ్లు ఒక కాగితం నింపించేవారు. నవ్వే బొమ్మ, మామూలు బొమ్మ, ఏడుపు బొమ్మ. ఇంటికెళ్లే సంబరంలో అందరూ నవ్వే బొమ్మకే టిక్కు పెట్టేవారు. సిస్టర్ గారు ఆ కాగితం వెనక్కి తిప్పి, తన చేత్తో ఒక ప్రశ్న రాసేవారు. 'ఇక్కడున్నన్నాళ్లూ మాకు చెప్పకుండా మీరు ఓర్చుకున్నది ఏంటి?' చదవలేనివాళ్లకి చదివి వినిపించి, జవాబు తనే రాసుకునేవారు. ఆఫీసులో ఎవరో, "ఎందుకు సిస్టర్ గారూ కోరి తిట్లు తెచ్చుకుంటారు?" అంటే, "నవ్వే బొమ్మతో నాకు పనేముందండీ? అది బాగానే ఉందిగా" అన్నారట. ఒకావిడ, స్నానాల గదిలో చీర పెట్టుకోవడానికి కొక్కెం లేక, పదిహేను రోజులు తడి చీరే చుట్టుకున్నానని చెప్పింది. అంత పెద్ద ఆసుపత్రి, అన్ని మిషన్లు, ఒక్క కొక్కెం లేదు. ఆ సాయంత్రమే కొక్కేలు వచ్చాయి. సిస్టర్ గారు చెయ్యెత్తి కొలత చూపించి, "కొంచెం కిందకి కొట్టండి, పొట్టివాళ్లకి అందాలి" అంటూ దగ్గరుండి కొట్టించారు.

ఈ వేసవిలో ఆవిడ రిటైరయ్యారు. నాలుగు నెలలు తిరక్కుండానే కడుపులో గడ్డ బయటపడింది. అప్పటికే అది ఆపరేషన్ దశ దాటిపోయింది. మా ఆసుపత్రిలోనే పై అంతస్తులో చేర్చారు. అప్పటికి నేను మూడో ఏడు. నా పోస్టింగు ఆ అంతస్తులోనే పడింది. ఆవిడని చూసుకునే నర్సులందరూ ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. ఎవరూ 'ఎలా ఉన్నారు' అనలేదు. అందరూ కూర్చున్నారు. ఏ పక్కకి పడుకున్నారని అడిగారు, కాఫీ తాగారా అని అడిగారు. ఆవిడ అన్నిటికీ చక్కగా జవాబు చెప్పారు. ప్రశ్నపత్రం తయారుచేసిన మనిషినే మేం పరీక్షిస్తున్నాం. నేను ఒకరోజు తెగించి, "మాకు చెప్పకుండా ఓర్చుకుంటున్నది ఏంటండీ?" అన్నాను. ఆవిడ నవ్వి, "నా ప్రశ్న నాకే అమ్ముతున్నావా? పో, నాకేం లేదు" అన్నారు. చార్టులో నొప్పి గడిలో పదికి రెండు అని రాశాం. చూసే రాశాం, అడిగే రాశాం. అయినా అది నిజం కాదు.

చెల్లెలు గారు మాత్రం గుమ్మం బయట నన్ను ఆపి, "అక్క బాగా చిక్కిపోతోందమ్మా. ఏమన్నా అంటే నా మీద కసురుతోంది. ఎప్పుడూ కసరదు" అన్నారు. సిస్టర్ గారే మాకు చెప్పేవారు, పేషెంటు సంగతి తెలియకపోతే ముందు ఆయమ్మని అడగమని. మా ఆయమ్మ తన డ్యూటీ దిగాక రోజూ పైకొచ్చి ఆవిడకి ఒళ్లు తుడిచి వెళ్లేది. నేను వెళ్లి అడిగాను.

"మీరు చదువుకున్నోళ్లు, మాటలడుగుతారు. ఆవిడా చదువుకుంది, మాటలు చెబుద్ది. నేను అడగను. తుడవడానికి పక్కకి తిప్పుతా" అంది ఆయమ్మ. ముంజేయి చాపి చూపించింది. గాజు గీరుకుని సన్నటి గీత ఉంది. "నిన్న ఎడం పక్కకి తిప్పితే నా చెయ్యి పట్టుకుంది. గాజు పుటుక్కున విరిగింది. ఎవరికన్నా చెప్పావంటే ఊరుకోనంది. నేనెవరికీ చెప్పలా. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా."

నేను గదిలోకి వెళ్లి స్టూలు దగ్గరకి లాక్కుని కూర్చున్నాను. మధ్యాహ్నం రెండయి ఉంటుంది. కిటికీ తెర సగం వేసి ఉంది.

"సిస్టర్ గారూ, ఆయమ్మ గాజు ఎలా విరిగింది?"

ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నారు. అలాగే, "దాని నోట్లో నువ్వుగింజ నానదు" అన్నారు.

నేను లేవలేదు. కారిడార్లో ఎవరో ఎవరినో భోజనానికి పిలుస్తున్నారు.

"చెబితే మందు పెంచుతారమ్మా" అన్నారు చివరికి. "పెంచితే మత్తు. మీరంతా వస్తూ పోతూ ఉంటారు. మీ మొహాలు గుర్తుపట్టకుండా అయిపోతానేమోనని. ఇంకోటి, నా దగ్గర నేర్చుకున్న పిల్లలు. నాకు నొప్పి అని తెలిస్తే వాళ్ల చేతులు వణుకుతాయి. సూది సరిగ్గా దిగదు."

"దివిసీమ బాబాయ్ గారు కూడా ఇదే అన్నారండీ. నన్ను తిడతారేమోనని."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వుకే నొప్పి లేచింది. ఎడం డొక్క పట్టుకుని, పెదవి బిగబట్టి, అది తగ్గేదాకా నా చెయ్యి వదల్లేదు. నా చేతికి గాజుల్లేవు. తగ్గాక, ఊపిరి తీసుకుని, "అయితే నేనూ పేషెంటునే అన్నమాట" అన్నారు. ఆశ్చర్యపోయినట్టు అన్నారు, ఎవరో కొత్త సంగతి చెప్పినట్టు.

"రాసుకో. ఎడం పక్కటెముకల కింద. తెల్లారుజామున ఎక్కువ. తిన్నాక ఇంకా ఎక్కువ, అందుకే తినడంలేదు. పదికి ఎనిమిది. ఒక్కోసారి తొమ్మిది. రాశావా? ఏదీ, చదివి వినిపించు."

చదివి వినిపించాను. అక్షరాలు వంకరగా పడ్డాయి. 'తిన్నాక ఎక్కువ' అన్నది వదిలేశానని పట్టుకుని మళ్లీ రాయించారు.

డాక్టరు గారు వచ్చారు. ఆయన కూడా ఒకప్పుడు చిన్న డాక్టరుగా ఆవిడ వార్డులో తిట్లు తిన్నవారే. చెప్పకుండానే స్టూలు మీద కూర్చున్నారు. "మీకు ఏ వేళలో మెలకువగా ఉండాలి సిస్టర్ గారూ?" అని అడిగారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, చెల్లెలూ, తన దగ్గర నేర్చుకున్న పిల్లలూ వచ్చే వేళలో, అని చెప్పారావిడ. "మిగతా వేళల్లో నిద్రొచ్చినా పర్లేదా?" "పర్లేదు." "అయితే దానికి తగ్గట్టు సర్దుదాం." మోతాదులు సర్దడానికి రెండు మూడు రోజులు పట్టింది. తర్వాత ఆవిడ ఇంటికి వెళ్తానన్నారు, వెళ్లారు. ఇంట్లో ఉన్న వారం పైచిలుకు రోజులూ అక్క మళ్లీ కాఫీ తాగిందని, సాయంత్రాలు అందరినీ పేరుపేరునా గుర్తుపట్టిందని చెల్లెలు గారు చెప్పారు. గుణదలలో ఆ రోజు అందరూ అన్న ఆ నొప్పిలేని నిద్ర అలా వచ్చింది. ఆవిడే అడిగి తెచ్చుకున్నారు.

ఆసుపత్రిలో, ఆవిడ నొప్పి సంగతి చెప్పిన ఆ మధ్యాహ్నమే, కొత్త మందు పట్టి ఆవిడ రెప్పలు బరువెక్కుతున్నాయి. నేను తెర పూర్తిగా వేసి, అందరం రోజూ చేసినట్టే, వెళ్లబోయే ముందు దుప్పటి ఆవిడ పాదాల మీదకి లాగబోయాను. ఎందుకో చెయ్యి ఆగింది.

"పాదాలు కప్పనా అండీ?"

కళ్లు తెరవకుండానే అన్నారు. "వద్దమ్మా. చిన్నప్పట్నుంచీ పాదాలు బయటుంటేనే నాకు నిద్ర. పదిహేను రోజులుగా మీరందరూ ప్రేమగా కప్పి వెళ్తున్నారు. మీరు వెళ్లాక మెల్లగా తీసుకుంటున్నా."

దుప్పటి చీలమండల పైదాకా మడిచాను. ఏళ్ల తరబడి వార్డుల్లో నిలబడిన పాదాలు. మడమలు పగిలి, చిటికెన వేళ్లు చెప్పుల్లో నొక్కుకుని లోపలికి వంగిపోయి ఉన్నాయి. పంకా గాలి తగలగానే ఆ వేళ్లు కొంచెం విచ్చుకున్నాయి, చంటిపిల్ల కాలివేళ్లలాగా. కాసేపటికి అవి కూడా కదలడం మానేశాయి. ఆవిడ నిద్రపోయారు.